ఉపరత్నము

నగలవర్తకులు వాడు “సెమీప్రెషస్” అను ఆంగ్లపదమునకు మనవారు “ఉపరత్నము” అని చెప్పుచున్నారు. ఈ రెండు మాటలకు అర్థ మొక్కటి కాదు. సెమీ యనగా సగము. ఉప యనగా చేరువ. ఉపనదిని సగము నది యని ఎవరందురు?

పూర్వపు రత్నశాస్త్రములలో వజ్రము, ముత్యము, మాణిక్యము, నీలము, మరకతము మహారత్నములనియు, గోమేధికము, పుష్యరాగము, వైడూర్యము, పగడము ఉపరత్నములనియు చెప్పు వాడుక కలదు. అయినను ఈ తొమ్మిదియు నవరత్నములే. ఒకే ఉంగరమున ప్రక్కప్రక్కనే పొదుగబడును.

ఆంగ్లపదము 19వ శతాబ్దమున వ్యాప్తికి వచ్చినది. దానికి తల్లి సంత. ఊదారంగు అమెథిస్టు సంగతి చూడుడి. ప్రకటన 21:20లోని పండ్రెండవ పునాది యదియే. మన తెలుగు బైబిలులో “సుగంధము” అని యున్నది. ఐరోపాలో దానిని బిషప్పుల ఉంగరములలో పొదిగిరి. కెంపు, నీలములతో సమానముగా ఎంచిరి. బ్రెజిలు దేశమున గనులు విరివిగా బయల్పడగా దాని వెల పడిపోయెను. రాయి మారలేదు, రంగు తరుగలేదు. అందరికిని దొరకుచున్నది గనుక సగపు రత్నమాయెను! మన సంఘములలోను ఇట్టి సంత లెక్క కొంత జొరబడినది. ముందు బల్ల కుటుంబము లెవరో, వెనుక చాపమీది వారెవరో వేరుగా చెప్పనక్కరలేదు.

హెబ్రీ భాషలో ఈ విభజన కానరాదు. “ఎబెన్ యెకారా”, అనగా విలువగల రాయి, అను మాట క్రిందనే యెహెజ్కేలు 28:13లో సులిమానిరాయియు యష్మురాయియు చేరియున్నవి. నేటి అంగడిలో ఇవి చవుక రాళ్లు. యెషయా 28:16లోని మూలరాతికిని ఆ విశేషణమే. అదియైతే నగలలోనిదే కాదు, గోడలోనిది.

అహరోను పతకములోని (నిర్గమ. 28) మొదటి రాతిని మనవారు మాణిక్యమనిరి. అది ఎఱ్ఱని హకీకు రాయియని పలువురు పండితుల అభిప్రాయము. భాషాంతరకర్తలు గౌరవముకొలది దాని వెల పెంచిరి కాబోలు! అంత అవసరము లేకుండెను. వజ్రముమీద పేరు చెక్కుట ఆనాటి పనిముట్లకు సాధ్యము కాదు. హకీకు గట్టిదైనను సన్నని గీతను చక్కగా నిలుపుకొనును, ముద్ర వేయునప్పుడు మైనము దానికి అంటుకొనదు. అందుచేతనే ప్రాచీనులు ముద్రలకు అట్టి రాళ్లను కోరిరి. ముద్రలు చెక్కినట్లే పండ్రెండు గోత్రముల పేర్లు ఆ పతకపు రాళ్లమీద చెక్కబడి యాజకుని రొమ్మున నుండెను. ఏ గోత్రపు రాయి వెల యెంతయో నిర్గమకాండములో ఎక్కడను వ్రాయబడలేదు.