ట్రాక్ డే టైర్లు: రోజూ ఆఫీసుకి వెళ్లే కారుతోనే ట్రాక్ ఎక్కుతున్నారా? వీల్స్, టైర్లు కొనే ముందు ఈ లెక్కలు చూసుకోండి

సొంత కారును రేస్ ట్రాక్ మీద నడపాలన్న సరదా తెలుగు రాష్ట్రాల్లోని కార్ల ప్రియుల్లోనూ కనిపిస్తోంది. దీన్నే ట్రాక్ డే అంటారు. ఇది రేసు కాదు. ప్రైజులు, పొజిషన్లు ఉండవు. ఫీజు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, ఎదురుగా వాహనాలు రాని ట్రాక్ మీద కేటాయించిన టైంలో కారు నడుపుకోవడమే. అయితే ట్రాక్ డే అనగానే చాలామంది ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే. ఏ టైర్లు వేయాలి? అలాయ్స్ మార్చాలా?

హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా చూసే ట్రాక్‌లలో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఒకటి. గతంలో దీన్ని మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్ అనేవారు. పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. 15 నిమిషాల సెషన్‌లో ఆరేడు ల్యాప్‌లు వేసినా, నాలుగు సెషన్లు కలిపి వంద కిలోమీటర్లు దాటడం కష్టం. కానీ హైదరాబాద్ నుంచి అక్కడికి వెళ్లి రావడానికి సుమారు 1,300 కిలోమీటర్లు.

అంటే వంద కిలోమీటర్ల సరదా కోసం పదమూడు వందల కిలోమీటర్ల హైవే ప్రయాణం. టైరు ఎంపికలో అసలు మెలిక ఇక్కడే ఉంది. ట్రాక్ మీద రెండు సెకన్లు తగ్గించే టైరు కంటే, రాత్రి నెల్లూరు దగ్గర వాన పడితే ఇంటికి క్షేమంగా తీసుకొచ్చే టైరే ముఖ్యం.

ముందు సైడ్‌వాల్ మీద ఏముందో చదవాలి

ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ ప్లస్ కారునే తీసుకుందాం. దీనికి కంపెనీ ఇచ్చే సైజు 205/55 ఆర్16.

- 205 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
- 55 అంటే సైడ్‌వాల్ ఎత్తు వెడల్పులో 55 శాతం అని. అంటే సుమారు 113 మిల్లీమీటర్లు.
- 16 అంటే రిమ్ సైజు, అంగుళాల్లో.
- దీని తర్వాత 91వీ లాంటి కోడ్ ఉంటుంది. 91 అంటే ఒక్కో టైరు మోయగలిగే బరువు 615 కిలోలు. వీ అంటే గంటకు 240 కిలోమీటర్ల వరకు రేటింగ్. హెచ్ అయితే 210, డబ్ల్యూ అయితే 270.
- చివర్లో నాలుగు అంకెల తయారీ తేదీ ఉంటుంది. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం.

కొత్త టైరు లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్ కంపెనీ ఇచ్చిన దానికంటే తక్కువ ఉండకూడదు. ఆఫర్‌లో వచ్చిందని తక్కువ రేటింగ్ ఉన్నది తీసుకుంటే డబ్బులు మిగలొచ్చు కానీ రిస్క్ పెరుగుతుంది.

సైజు మారిస్తే ఏమవుతుంది?

205/55 ఆర్16 టైరు మొత్తం వ్యాసం సుమారు 632 మిల్లీమీటర్లు. 225/45 ఆర్17 వేస్తే అది 634 అవుతుంది. తేడా అర శాతం కూడా లేదు కాబట్టి స్పీడోమీటర్, ఏబీఎస్ లెక్కలు పెద్దగా మారవు. అదే 215/50 ఆర్16 వేస్తే 621కి పడిపోతుంది. అంటే బండి దాదాపు సెంటీమీటర్‌లో సగం కిందకి దిగుతుంది, స్పీడోమీటర్ కూడా కాస్త ఎక్కువ చూపిస్తుంది.

రిమ్ వెడల్పు కూడా సరిపోవాలి. 205/55 ఆర్16కి 5.5 నుంచి 7.5 అంగుళాల వెడల్పు రిమ్ సరిపోతుంది. 225/45 ఆర్17కి కనీసం 7 అంగుళాలు కావాలి. సన్న రిమ్‌కి వెడల్పు టైరు ఎక్కిస్తే మలుపుల్లో టైరు పక్కకి ఊగుతుంది. వెడల్పు పెరిగినా స్టీరింగ్ మాత్రం పదునుగా ఉండదు.

టైర్లలో ఏ రకం? మూడు దారులు

మొదటిది, కారుతో వచ్చిన మామూలు టైరు. మొదటి ట్రాక్ డేకి ఇది చాలు. గ్రిప్పు తక్కువ కాబట్టి హద్దు త్వరగా వస్తుంది. పైగా జారే ముందు కీచుమని అరిచి చెబుతుంది. నేర్చుకునే వాళ్లకి ఇదే మంచి గురువు. ఇబ్బంది ఏంటంటే, నాలుగైదు ల్యాప్‌ల తర్వాత వేడెక్కి జారుడు మొదలవుతుంది. అప్పుడు వేగం తగ్గించి రెండు ల్యాప్‌లు చల్లబరచాలి.

రెండోది, పెర్ఫార్మెన్స్ రోడ్ టైరు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 లాంటివి ఈ కోవలోకి వస్తాయి. తడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది, హైవేలో శబ్దం తక్కువ. ట్రాక్ మీద మామూలు టైరు కంటే చాలా ఎక్కువ తట్టుకుంటుంది. ఏడాదికి రెండు మూడు ట్రాక్ డేలు, మిగతా రోజుల్లో ఆఫీసు, ఊరి ప్రయాణాలు చేసేవాళ్లకి సరిగ్గా సరిపోయేది ఇదే.

మూడోది, ట్రాక్ కోసం పుట్టిన రోడ్ టైరు. యోకోహామా అడ్వాన్ ఏ052, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 ఈ రకం. మెత్తటి రబ్బరు, తక్కువ గాడులు, గట్టి సైడ్‌వాల్. పొడి ట్రాక్ మీద వీటి పట్టే వేరు. కానీ త్వరగా అరుగుతాయి, రోడ్డు మీద మోత ఎక్కువ. నీళ్లు నిలిచిన హైవే మీద పైకి తేలిపోయే ప్రమాదం కూడా ఎక్కువే. చెన్నై, నెల్లూరు వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయన్నది మర్చిపోకూడదు.

ట్రెడ్‌వేర్ నంబర్‌ని ఎంతవరకు నమ్మాలి?

చాలా టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. ఇది అమెరికా విధానం. టెక్సాస్‌లోని రోడ్ల మీద దాదాపు 11,500 కిలోమీటర్లు తిప్పి, 100 రేటింగ్ ఉన్న ప్రామాణిక టైరుతో పోల్చి అరుగుదల లెక్కిస్తారు. 200 అంటే రెట్టింపు మన్నిక. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన అని స్థూలంగా అనుకోవచ్చు. పైలట్ స్పోర్ట్ 4కి చాలా సైజుల్లో 320 ఉంటుంది. ట్రాక్ వైపు మొగ్గే టైర్లు 200 చుట్టూ ఉంటాయి.

అయితే ఈ రేటింగ్‌ని తమ టైర్లకు ఇచ్చుకునేది కంపెనీలే. అందుకే ఒకే కంపెనీ టైర్లను పోల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. రెండు వేర్వేరు కంపెనీల 200లు ఒకేలా ఉంటాయనుకోవద్దు.

మన దగ్గర దొరకడం ఎందుకు కష్టం?

2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని పరిమితుల జాబితాలోకి తెచ్చింది. దీంతో లైసెన్స్ ఉంటే తప్ప బయటి నుంచి తెప్పించడం కుదరదు. పైగా దేశంలో అమ్మే టైర్లకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. విదేశీ వీడియోల్లో చూసిన టైరు మన సైజులో దొరక్కపోవడానికి ఇదో పెద్ద కారణం. కాబట్టి ముందు టైరు స్టాక్ ఉందో లేదో కనుక్కుని, ఆ తర్వాతే అలాయ్ సైజు ఫిక్స్ చేసుకోవడం మంచిది. చాలామంది దీన్ని రివర్స్‌లో చేసి ఇరుక్కుపోతారు.

అలాయ్స్: అందం కాదు, కొలతలు చూడాలి

- పీసీడీ: బోల్టుల సంఖ్య, అవి ఉన్న వృత్తం వ్యాసం. వర్టస్‌కి 5 బోల్టులు, 100 మిల్లీమీటర్లు. స్విఫ్ట్‌కి 4 బోల్టులు, 100 మిల్లీమీటర్లు. అందుకే ఒకదాని వీల్ మరోదానికి ఎక్కదు.
- సెంటర్ బోర్: వీల్ మధ్యలో ఉండే రంధ్రం. వర్టస్‌కి 57.1, స్విఫ్ట్‌కి 54.1 మిల్లీమీటర్లు. బయట కొన్న వీల్‌కి ఇది పెద్దదిగా ఉంటే హబ్ రింగ్ వేయాలి. లేదంటే స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది.
- ఆఫ్‌సెట్: వీల్ లోపలికి ఉంటుందా, బయటకు పొడుచుకొస్తుందా చెప్పే అంకె. అదే వెడల్పు వీల్‌కి ఆఫ్‌సెట్ 10 తగ్గితే వీల్ 10 మిల్లీమీటర్లు బయటకు వస్తుంది. అప్పుడు ఫెండర్‌కి రాసుకోవచ్చు, బేరింగ్ మీద భారం పెరుగుతుంది.
- బ్రేక్ క్లియరెన్స్: చిన్న రిమ్ తేలిక, టైర్లు కూడా చవక. కానీ లోపల బ్రేక్ కాలిపర్ పట్టాలి. వేసి, చేత్తో తిప్పి చూశాకే డబ్బులు ఇవ్వాలి.

తయారీలోనూ తేడాలున్నాయి. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసేవి క్యాస్ట్ వీల్స్. పోత పోశాక అంచును వేడి చేసి రోలర్లతో సాగదీస్తే ఫ్లో ఫార్మ్‌డ్. లోహపు దిమ్మను భారీ ఒత్తిడితో నొక్కి చేసేవి ఫోర్జ్‌డ్. ఇవి అన్నింటికంటే గట్టివి, తేలికవి, ఖరీదైనవి కూడా. అప్పుడప్పుడు ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి మంచి ఫ్లో ఫార్మ్‌డ్ వీల్ లేదా కంపెనీ ఇచ్చిన వీలే సరిపోతుంది.

ఖరీదైన బ్రాండ్ డిజైన్‌ని కాపీ కొట్టిన చవక వీల్స్‌తో మాత్రం జాగ్రత్త. పేరున్న జపాన్ వీల్స్ లోపలి వైపు జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు, మోయగలిగే బరువు ఉంటాయి. మన గుంతల రోడ్ల మీద ఒకసారి దెబ్బ తిన్న వీల్‌లో సన్నటి పగులు ఉన్నా బయటకు కనిపించకపోవచ్చు. అలాంటిదాన్ని వెల్డింగ్ చేయించి ట్రాక్ ఎక్కించడం ప్రాణాలతో చెలగాటమే.

అసలు ప్రమాదం ఇక్కడే: గాలి

ట్రాక్ మీద టైరు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ప్రతి 10 డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 33 ఉన్న టైరు, లోపలి గాలి 40 డిగ్రీలు వేడెక్కితే 39కి చేరుతుంది. పట్టు తగ్గుతుంది కాబట్టి సెషన్ నుంచి రాగానే గాలి తీసి మళ్లీ 33కి తెస్తారు. ఇంతవరకు సరే.

సాయంత్రం కారు ఆగి, టైర్లు చల్లారాక అదే టైరులో మిగిలేది 27 నుంచి 28 పీఎస్‌ఐ మాత్రమే. చూసుకోకుండా, లగేజీతో, నలుగురు ఎక్కి హైవే మీద వందలో వెళ్తే సైడ్‌వాల్ అదే పనిగా నలుగుతూ వేడెక్కుతుంది. టైరు పగిలేది ఇలాగే. అందుకే ట్రాక్ నుంచి బయటకు వచ్చే ముందు, టైర్లు పూర్తిగా చల్లారాక, డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న లెక్క ప్రకారం గాలి కొట్టించుకోవాలి. డిక్కీలో చిన్న ఎయిర్ పంప్, మంచి గేజ్ ఉంటే ఈ పని పది నిమిషాలది.

ట్రాక్‌కి గాలి బాగా తగ్గించాలన్న మాట కూడా సగమే నిజం. మరీ తగ్గిస్తే మలుపులో టైరు సైడ్‌వాల్ మీదకి ఒరిగి అంచులు కోసుకుపోతాయి. సుద్దముక్కతో టైరు అంచు నుంచి సైడ్‌వాల్ దాకా గీత గీసి, సెషన్ తర్వాత ఎంతవరకు చెరిగిందో చూస్తే తెలిసిపోతుంది. సైడ్‌వాల్ మీద కూడా చెరిగితే గాలి తక్కువైనట్టే.

ఏ టైరు ముందు అరుగుతుంది?

మన కార్లలో చాలావాటికి ఇంజిన్ ముందు, డ్రైవ్ కూడా ముందే. బ్రేకు భారం, స్టీరింగ్, ఇంజిన్ లాగుడు అన్నీ ముందు టైర్ల మీదే పడతాయి. గడియారం దిశలో తిరిగే ట్రాక్ అయితే కుడి మలుపులు ఎక్కువ, అప్పుడు ముందు ఎడమ టైరు బయటి అంచు ముందుగా పోతుంది. సెషన్ సెషన్‌కీ దాన్ని చూసుకోవాలి.

అలాగని ముందు రెండు మాత్రమే మంచి టైర్లు వేసి, వెనక పాతవి ఉంచొద్దు. ముందు గట్టిగా పట్టి, వెనక జారిపోయి కారు గిరగిరా తిరుగుతుంది. మార్చితే నాలుగూ ఒకే రకం మార్చాలి.

సగం అరిగిన టైరు ట్రాక్‌కి నయం అనే మాటలో కొంత నిజం ఉంది. కొత్త టైరు బటన్లు ఎత్తుగా ఉండి ఊగుతాయి, త్వరగా వేడెక్కుతాయి. కానీ అరిగిన టైరుతో వానలో తిరుగు ప్రయాణం కష్టం. కార్లకు మోటార్ వాహన నిబంధనల ప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉండాలి. ట్రాక్ డే మొదలయ్యేటప్పుడే 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే, ఇంటికి వచ్చే టైర్లు వేరే ఉండాల్సిందే.

ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?

సాధారణ కారు పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాడకాన్ని మినహాయిస్తారు. ట్రాక్ డేని కూడా అందులోకే లాగే అవకాశం ఉంది. కాబట్టి ట్రాక్ మీద జరిగే నష్టం సొంత జేబు నుంచే అనుకుని వెళ్లాలి. ఇక రోడ్డు మీద తిరిగే కారుకి కంపెనీ అనుమతించిన సైజుల్లోనే టైర్లు మార్చుకుంటే, క్లెయిమ్ సమయంలో వాదనలకు చోటుండదు.

బయల్దేరే ముందు చెక్‌లిస్ట్

- సైడ్‌వాల్ మీద ఉబ్బులు, కోతలు ఉన్న టైరు, పంక్చర్ స్ట్రిప్ వేసిన టైరు ట్రాక్ మీదకి వద్దు.
- వీల్ బోల్టులు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో చాలావాటికి ఇది 120 న్యూటన్ మీటర్లు. వీల్ పానా మీద కాలు పెట్టి తొక్కడం కొలత కాదు.
- వీల్స్ మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి బోల్టులు మళ్లీ చెక్ చేయాలి.
- పట్టు పెరిగితే బ్రేకుల మీద భారం కూడా పెరుగుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ పాతదైతే ముందు దాన్ని మార్చాలి. టైర్ల ఖర్చు ఆ తర్వాత.
- స్టెప్నీలో గాలి చూసుకోవాలి. జాకీ, గేజ్, పంప్ డిక్కీలో ఉండాలి.

మొత్తంగా చూస్తే

మొదటిసారి వెళ్తుంటే ఉన్న టైర్లతోనే వెళ్లాలి, డబ్బులు బ్రేకుల మీద పెట్టాలి. ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్తుంటే, కంపెనీ వీల్స్ మీదే పెర్ఫార్మెన్స్ రోడ్ టైర్లు చాలు. ప్రతి నెలా వెళ్లే స్థాయికి వస్తే మెత్తటి టైర్లతో రెండో వీల్ సెట్ తీసుకోవచ్చు. వాటిని వెనక సీటు మడిచి కారులో వేసుకెళ్లి, ట్రాక్ దగ్గర మార్చుకుని, సాయంత్రం మళ్లీ రోడ్ టైర్లతో ఇంటికి రావాలి.

గమనిక: గాలి ఒత్తిడి, బోల్టు టార్క్, టైరు సైజులు మోడల్‌ని బట్టి మారుతాయి. కారు మాన్యువల్‌లో ఉన్న లెక్కే ఫైనల్.