నందిదుర్గం పేరున్న గని

మధ్యాహ్నం చింతామణిలో బస్సెక్కండి. కోలారు, బంగారపేట దాటాక బూడిద రంగు గుట్టలు కనబడతాయి. కొండలనుకోకండి. నూరేళ్లకు పైగా రాతిని పిండి చేసి, బంగారం తీసుకుని పారబోసిన మట్టి అది. ఇక్కడివాళ్లు సైనైడ్ గుట్టలంటారు. వేసవి గాలి లేచిందంటే ఆ పిండి కళ్లలోనూ పడుతుంది, అన్నం కంచంలోనూ పడుతుంది.

కేజీఎఫ్, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వచ్చింది, దిగండి. తుప్పు పట్టిన ఇనుప చట్రం మీద చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. ఇక్కడొక గని పేరు నందిదుర్గ్. మన చిక్కబళ్లాపురం నంది కొండ పేరే! 1880లో బ్రిటిష్‌వాళ్ల జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ కాలు పెట్టింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లే తవ్వారు.

ఊహలో వాళ్లతో పాటు గనిలోకి దిగే కేజ్‌ ఎక్కండి. కాళ్ల కింద నేల జారిపోతుంది, చెవులు దిమ్మెక్కుతాయి. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లకు పైనే. అడుగున రాయి ముట్టుకుంటే కాలుతుంది. కంట్లోకి చెమట, గొంతులోకి దుమ్ము. ఉన్నట్టుండి ఫిరంగి పేలినంత చప్పుడు. మందు పెట్టింది ఎవరూ కాదు. పైనున్న బరువుకు బిగుసుకున్న రాయి దానంతటదే పగిలింది. అలా పగిలినప్పుడు పైన ఊళ్లో కూడా నేల అదిరేది. లోపల మనిషి ఉన్న ప్రతి ఇంటా గుండె ఆగినంత పనయ్యేది.

పైకి రండి. శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి 147 కిలోమీటర్లు తీగలు లాగి 1902లోనే ఇక్కడికి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో. ఆ కరెంటు ముందు గని యంత్రాలకు, దొరల బంగళాలకు. కూలీలకు దక్కింది లైన్లనే వరస ఇళ్లలో ఇరుకు గదులు. ఈ అన్యాయం రాయకుండా ఈ ఊరి వైభవం రాయలేను.

1956లో గనులు రాష్ట్రం చేతికొచ్చాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. బంగారం పలచబడింది, లోతుతో పాటు ఖర్చు పెరిగింది. సుమారు 800 టన్నుల బంగారమిచ్చిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి.

రాత్రి ఇక్కడే ఉండి, తెల్లవారకముందే మారికుప్పం స్టేషన్‌కు నడవండి. బెంగళూరు రైలు కిక్కిరిసి ఉంటుంది. క్యారియర్లు పట్టుకుని కూలికి, కొలువుకు పోయే జనం. చాలామంది తాతలు గనిలో దిగినవాళ్లే. సైనైడ్ గుట్టల్లో మిగిలిన బంగారం తీయడానికి 2024 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఆ పని మొదలైతే మొదటి కొలువులు ఈ రైల్లో ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ఆ దుమ్ము ఇన్నేళ్లూ పీల్చింది వాళ్లే.