బ్రౌను దొర అభ్యాసబలము



ఒకడు కార్యము సాధించినచో లోకము వాని యదృష్టమనును. సాధింపనిచో నుదుటివ్రాత యనును. బహుకాలము బడిలో పాఠములు చెప్పిన నాకు తోచినదేమనగా, నుదుటివ్రాతకంటె మనుష్యుడు దినదినమును తన చేతితో వ్రాసికొను వ్రాతయే బలవత్తరము. మనస్సునకు పట్టుబడిన యలవాటే ఆ వ్రాత. ఇందులకు మన భాషాచరిత్రమునుండి యొక నిదర్శనము మనవి చేసెదను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో కుంపిణీ కొలువునకై చెన్నపట్టణము చేరెను. అప్పటికి ఆయనకు తెలుగు రాదు. వెలగపూడి కోదండరామ పంతులుగారియొద్ద తెలుగు నేర్చి, పరీక్షలో నెగ్గి, 1820లో కడపకు ఉద్యోగియై వెళ్లెను. పరీక్ష కాగానే పుస్తకము మూసి, దుబాసీల నోటితో మాటలాడి కాలము గడుపుటకు దొరలకు వీలుండెను. బ్రౌను పుస్తకమును మూయలేదు. ఆయన విజయమునకు మొదటి మెట్టిదియే యని నా తలంపు. పరీక్షకొరకు చదివిన చదువు పరీక్షతో పోవును. తెలిసికొనవలెనని చదివినది బ్రతుకంతయు వెంటవచ్చును.

1824లో మచిలీపట్టణమున నుండగా ఆయన దృష్టి వేమన పద్యములపై పడెను. అవి జనుల నోళ్లలో నాడుచుండినవే. కాని మా పండితవర్గము వానిని కావ్యములలో గణింపలేదు. ఎరిగినదానిని తక్కువచేసి చూచుట విద్వాంసుని మనస్సునకు పట్టెడు త్రుప్పు. బ్రౌను క్రొత్తవాడగుటచే ఎవరినైనను అడుగుటకు సిగ్గుపడలేదు. ప్రతులు సేకరించి, పాఠములు సరిచూచి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. మరియొకడైనచో అంతటితో తృప్తినొందెడివాడే. ఆయన వెదకుట మానక, 1839లో మరల ప్రకటించునప్పటికి పద్యములు 1164 అయ్యెను. ముగిసినదనుకొన్న పనిని మరల పరీక్షించుట ఆయన రెండవ యలవాటు.

కడపలో బంగళా కొని, అందు పండితులను లేఖకులను జీతములిచ్చి నిలిపెను. తాటాకు ప్రతులు తెప్పించుట, పాఠభేదములు గుర్తించుట, కాగితముపై శుద్ధప్రతి యెత్తించుట, వ్యాఖ్యలు వ్రాయించుట అచ్చటి నిత్యకృత్యము. మనుచరిత్రము జూలూరి అప్పయ్యగారి వ్యాఖ్యతో 1851లో అచ్చుపడెను. ఈ పనులకు తన జీతము చాలక దొర అప్పులపాలయ్యెను.

కష్టములును తక్కువకావు. 1832–33లో గుంటూరు సీమను మహాక్షామము పీడించినపుడు, పై యధికారులు కొరతయని చెప్పగోరినదానిని ఆయన కరవనియే వ్రాసి మాటపడెను. కరవును కరవనువాడే నిఘంటువు వ్రాయదగినవాడు. 1834లో ఆయన ఉద్యోగము పోయెను. ఇంగ్లండునకు వెళ్లియు ఊరకుండక, కుంపిణీవారి గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశ భాషల వ్రాతప్రతులను చూచి, అవి చెన్నపట్టణము చేరునట్లు చేసెను. కొలువు పోయినను అలవాటు పోలేదు. మరల కొలువున చేరిన పిమ్మట 1840లో తెలుగు వ్యాకరణమును, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. కడపలో కాలు మోపిన ముప్పది రెండేండ్లకు ఈ ఫలము పండెను.

అట్లని ఘనత యంతయు దొరదే యనను. వేల పద్యములను కంఠమున నిలుపుకొన్న పండితుల ధారణ లేనిచో ఆ బంగళాలో వ్రాయుటకేమియు నుండెడిది కాదు. మన సంప్రదాయము నిలుపుకొనుట నేర్పినది. ఆయన అడుగుట, సరిచూచుట, వరుసగా కూర్చుట అను గుణములు తెచ్చెను. రెండును కలిసినచోటనే కార్యము నెరవేరినది. ఆయన 1884లో లండనున మరణించెను. నిఘంటువు మాత్రము నిలిచి, కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదలగువారి పరిష్కరణముతో 1903లో మరల అచ్చయ్యెను. కడపలో ఆయన బంగళా యున్నచోట నేడు ఆయన పేర గ్రంథాలయము కలదు.

పెద్దలారా, మీ మనుమడు అడిగినదే మరల నడిగినచో విసుగుకొని నోరు మూయింపకుడు. ఆ పిల్లవానికి ఎబ్బది యేండ్లు తోడుండవలసిన యలవాటు అచ్చటనే మొలకెత్తుచున్నది. మీ యిండ్ల అటకలమీద తాతలనాటి తాటాకు కట్టలున్నచో, చెదలకు విడువక దించి, దుమ్ము తుడిచి, చదువగలవారికి చూపుడు. వానిలో నేమున్నదో చూచినగాని తెలియదు. పరదేశీయుడొకడు అప్పుచేసి చేసిన పనిలో మనము ఖర్చులేక చేయగలిగిన భాగమిది.

సెలవు.