కొండంత అండ ఎంత?

గొప్ప ఆధారమును మనము కొండంత అండ అందుము. ఆనకట్ట కట్టు ఇంజనీరు మాత్రము ఆ కొండ ఎంత బరువునకు అండయో ముందుగా తెలిసికొనవలెను. అందులకే ప్రయోగశాలలో రాతిని పరీక్షింతురు.

కొండను తొలిచి తీసిన గుండ్రని రాతికడ్డీ కొనలను చదునుగా సానపట్టి, యంత్రములో నుంచి, పగులువరకు నొక్కుదురు. రాయి ఒత్తిడికి ఓర్చినంతగా లాగుడునకు ఓర్వదు. లాగుడుబలము సాధారణముగా ఒత్తిడిబలములో ఇంచుమించు పదవవంతు. రాతిని పట్టి లాగుట కష్టము. కావున బిళ్ళగా కోసి, అంచుపై నిలిపి నొక్కుదురు. అది నడుమ నిలువునా చీలును. బ్రెజిల్ ఇంజనీరు ఫెర్నాండో కార్నేరో 1943లో కాంక్రీటుకై వెల్లడించిన పద్ధతి యిది.

అయినను ముక్క బలమే కొండ బలమా? ఈ ప్రశ్న ఫ్రాన్సు దేశమున ఘోరరూపమున ఎదురైనది. ఫ్రెజూస్ పట్టణమునకు ఎగువన, రేరాన్ నదిపై, మల్పాసె ఆనకట్ట 1954లో పూర్తియయ్యెను. ఎత్తు సుమారు 66 మీటర్లు, పలుచని కమాను. కమాను ఆనకట్ట నీటి తోపును ఇరుగట్ల రాతికి అప్పగించును. 1959 డిసెంబరు 2 రాత్రి, జలాశయము మొదటిసారి నిండుచుండగా, ఎడమగట్టు రాయి కదలి ఆనకట్ట కూలెను. నాలుగువందలకు పైగా జనులు మరణించిరి. కాంక్రీటు గట్టిదే, లోపము క్రింది రాతిలో నుండెను.

పిమ్మట ఆ నైస్ రాతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు క్రొత్త రీతుల పరీక్షించిరి. ముక్క పెద్దదైనకొలది బలము తగ్గెను. చిన్నముక్కకు తప్పిన నెరియ పెద్దముక్కకు తప్పదు గదా! నడుమ బెజ్జము వేసిన కడ్డీలోనికి బయటినుండి నీటిని ఒత్తినప్పుడు నెరియలు మూసికొనెను. లోపలినుండి బయటికి ఒత్తినప్పుడు తెరచుకొని నీటిని ధారాళముగా విడిచెను. దీనినిబట్టి నిపుణులు కారణమును ఇట్లు వివరించిరి: కమాను ఒత్తిడికి క్రింది రాయి బిగిసి, ఊటనీటికి భూగర్భమున అడ్డుగోడయైనది. ఆ వెనుక చేరిన నీరు, దిగువనున్న పగులుతలము తోడుకాగా, గట్టురాతిని పెకలించినది.

1962లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గున, లియోపోల్డ్ ముల్లర్ అధ్యక్షుడుగా, అంతర్జాతీయ శిలాయాంత్రికశాస్త్ర సంఘము ఏర్పడెను. నేడు యంత్రము చెప్పిన అంకెతో ఇంజనీరు తృప్తిపడడు. కొండలోని నెరియల దిశను, దూరమును, వాటిలోని నీటిని లెక్కించి, ఆ అంకెను తగ్గించి గైకొనును. ఆనకట్ట దిగువన నిశ్చింతగా నిద్రించు ఊళ్ళకు అసలైన అండ ఈ జాగ్రత్తయే.