ఏలికలకు నీతిపాఠము

కౌటిల్యుని యర్థశాస్త్రమున మొదటి యధికరణమునకు వినయాధికారికమని పేరు. ఇచ్చట వినయమనగా శిక్షణము. రాజు విద్యావృద్ధుల సాంగత్యమున శిక్షితుడై యింద్రియములను జయింపవలెనని ముందుగా చెప్పి, అమాత్యుల శీలమును పరీక్షించు విధమును కౌటిల్యుడు పిదప వివరించెను. ఉద్యోగులు రాజధనము నపహరించు 40 మార్గములను లెక్కించినది రెండవ యధికరణమున. ఈ వరుస కాకతాళీయమని మేము తలపము. నీతిపాఠము పైనుండి క్రిందికి దిగవలెనన్నది దాని యంతరార్థము. ఈ మాట నేటి ప్రజాప్రభుత్వములకును వర్తించునా యని యడుగువారికి అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రపు ఇటీవలి చరిత్ర సమాధానము చెప్పగలదు.

1994 నవంబరులో, ఆ రాష్ట్రమునకు పొరుగుననున్న విస్కాన్సిన్‌లో, ఒక లారీనుండి ఇనుపముక్క యొకటి ఊడి దారిపై పడెను. వెనుక వచ్చుచున్న బండి దానిపైకి పోగా చమురుతొట్టి పగిలి మంటలు చెలరేగెను. ఒకే యింటి బిడ్డలు ఆర్గురు మరణించిరి. లారీ తోలినవానికి లైసెన్సు ఇల్లినాయ్‌లో లంచము మూలమున లభించినదని తరువాత బయటపడెను. లైసెన్సుల నిచ్చు కార్యాలయమున పై యధికారుల ఎన్నికల నిధికి టిక్కెట్లు అమ్మిపెట్టుమని ఉద్యోగులపై ఒత్తిడి యుండెడిది. లంచపు సొమ్ములో కొంత యా మార్గముననే శాఖాధిపతియగు జార్జి రయన్ నిధికి చేరెను. విచారణ జరుపవలసిన యధికారియే విచారణ నడ్డగించి, పిదప న్యాయస్థానమున నేరము నొప్పుకొనెను. రయన్ 1999లో గవర్నరయ్యెను. 2006లో దోషియని తేలి ఆఱున్నర యేండ్ల చెఱశిక్ష పొందెను. ఈ వ్యవహారమున శిక్ష పడినవారు 70 మందికి పైబడిరి.

ప్రజాగ్రహఫలముగా 2003లో నూతన చట్టము వెలసెను. శాసనసభ్యులు, అధికారులు, ఉద్యోగులు అందఱును 2004 మొదలు ఏటేట నీతిశిక్షణము పొందితీరవలెనని అది విధించెను. బహుమతులకు హద్దులు, ప్రభుత్వపు వేళలో పార్టీపనులకు నిషేధము, అక్రమమును వెల్లడించిన యుద్యోగికి రక్షణము, విచారణకు ఇన్స్పెక్టరు జనరలులు, ఇవన్నియు నందు గలవు. చట్టముపై సంతకము చేసిన గవర్నరు రాడ్ బ్లగోయెవిచ్. పాత కశ్మలమును కడిగివేయుదునని పలికి 2002 ఎన్నికలలో గెలిచినవాడితడే. 2008లో బరాక్ ఒబామా అధ్యక్షుడుగా నెన్నికైనందున ఖాళీపడిన సెనేటు స్థానమును స్వలాభమునకై బేరము పెట్టెనని యితనిని నిర్బంధించిరి. 2009 జనవరిలో రాష్ట్ర సెనేటులోని 59 మందియు నేకగ్రీవముగా పదవినుండి తొలగించిరి. 2011లో 14 ఏండ్ల శిక్ష పడెను. 2020లో దేశాధ్యక్షుడు శిక్షను తగ్గించి విడిపించెను. 2025లో క్షమాభిక్షయు నొసగెను.

ఇక పాఠము నడచిన తీరును చూతము. కంప్యూటరుపై చదువవలసిన ఆ పాఠమును 2006లో మితిమీరిన వేగమున ముగించిరని విశ్వవిద్యాలయాచార్యులు కొందఱిపై తప్పు మోపిరి. ఉపాధ్యాయులమైన మాకు ఇది వినోదమును, విచారమును గూడ కలిగించినది. నిమిషములను లెక్కించుట సులభము. మనసున నేమి నిలిచినదో లెక్కించుట దుర్లభము. క్రిందివారి నిమిషములపై నింత శ్రద్ధ వహించిన రాష్ట్రముననే, శాసనసభ్యులపై ఫిర్యాదులను విచారించు ఇన్స్పెక్టరు జనరలు పదవి 2014 చివరనుండి 2017 నవంబరు వఱకు దాదాపు మూడేండ్లు ఖాళీగా నుండెను. 2021లో ఆ పదవియందున్న యామె తనకు చాలినంత యధికారము లేదని చెప్పి విడిచిపోయెను. 1983 మొదలు 2021 వఱకు, రెండేండ్లు తప్ప, ఆ సభకు స్పీకరుగా నుండిన మైకేల్ మాడిగన్ 2025లో లంచపు నేరమున ఏడున్నరేండ్ల శిక్షకు పాత్రుడయ్యెను.

అట్లయిన శిక్షణము వ్యర్థమా? వ్యర్థమని మేమనజాలము. నిధికి టిక్కెట్లు అమ్ముమని పై యధికారి చెప్పినపుడు, అది నిషిద్ధమనియు, కాదన్నచో తన కొలువునకు రక్షణ కలదనియు నెఱిగిన గుమాస్తాకు నోరు పెగలును. ఎఱుగనివాడు తలవంచును. ఆ తలవంపుల వలననే యొక అనర్హుని చేతికి లైసెన్సు చిక్కినది. దుష్టుని శిష్టునిగా మార్చుట పాఠమునకు శక్యము కాకపోవచ్చును. బలహీనుడైన సజ్జనునికి మాత్రము అది యూతకోల. అయితే ఆ గుమాస్తా వచ్చి మొఱపెట్టుకొనిన దినమున వినువాని యాసనము ఖాళీగా నుండరాదు.

మన దేశమునను ఉద్యోగులకు 1964లో ప్రవర్తన నియమము లేర్పడినవి. 2013 మొదలు సివిల్ సర్వీసు పరీక్షలో నీతిశాస్త్రమునకు 250 మార్కుల ప్రశ్నపత్రమును చేర్చిరి. రాజ్యసభ 1997లో నైతికవర్తన సంఘము నేర్పఱచుకొనెను. అయినను 2005లో ప్రశ్నలడుగుటకు డబ్బు పుచ్చుకొన్నందులకు 11 మంది పార్లమెంటు సభ్యులను సభలు బహిష్కరింపవలసి వచ్చెను. గుమాస్తాకు నియమములు, కలెక్టరు కాగోరువానికి పరీక్ష గలవు గదా! వారు శిరసావహింపవలసిన చట్టములను చేయువారు సభలో కాలిడుటకు ముందు అట్టి పరీక్ష యేదియు లేదు. కౌటిల్యుడు రాజునకు ముందు పెట్టిన పీటను మనము కడపట వేసితిమి. ఓటడుగవచ్చిన వారిని రోడ్లను గూర్చియు, నూతులను గూర్చియు ప్రశ్నించునపుడు, సభ్యులపై ఫిర్యాదు వినువాని యాసనమును భర్తీచేసి యుంచెదరా యని గూడ చదువరులు అడుగవలెనని మా ప్రార్థన.