సీటు, టిక్కెట్టు, సంబోధన: కర్నూలు – కడప బస్సు ప్రయాణ మర్యాదల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

బస్సు ప్రయాణంలో పాటించవలసిన మర్యాదలను సాధారణంగా పౌరశిక్షణకు సంబంధించిన చిన్న విషయాలుగా చూస్తారు. వాటి వెనుక రాయలసీమ సామాజిక చరిత్ర ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఒకరి దయపై ఆధారపడిన ప్రయాణం టిక్కెట్టుపై ఆధారపడిన హక్కుగా మారిన క్రమాన్ని 1955 అస్పృశ్యతా నేరాల చట్టం, 1964 నాటి కర్నూలు బస్సు మార్గాల జాతీయీకరణ వ్యాజ్యం నేపథ్యంలో పరిశీలిస్తుంది. ఆ హక్కు నిత్యజీవితంలో సంబోధనలు, సీటు పంపకం, చిల్లర చేతులు మారడం వంటి అలవాట్లుగా ఎలా స్థిరపడిందో కర్నూలు, కడప బస్సులను ఆధారం చేసుకొని వివరిస్తుంది.

కీలకపదాలు: బస్సు, రాయలసీమ, మర్యాద, సంబోధన, జాతీయీకరణ, టిక్కెట్టు, స్త్రీ శక్తి.

1. ఉపోద్ఘాతం

కర్నూలు నుండి కడపకు సుమారు 200 కిలోమీటర్ల దారి. ఓర్వకల్లు, నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు, ఖాజీపేట మీదుగా సాగే ఈ మార్గం నేడు 40వ నంబరు జాతీయ రహదారి. మద్రాసు – బొంబాయి రైలుమార్గం 19వ శతాబ్దంలోనే కడపను, ఆదోనిని తాకింది. కర్నూలుకు, కడపకు మధ్య నేరుగా రైలు మాత్రం చాలాకాలం లేదు. నంద్యాల – ఎర్రగుంట్ల రైలుమార్గం 2016లో గానీ అందుబాటులోకి రాలేదు. అందువల్ల ఈ రెండు నగరాలకూ వాటి చుట్టూ ఉన్న పల్లెలకూ బస్సే ప్రధానమైన ప్రయాణ సాధనమైంది. కళాశాలకు వెళ్లే విద్యార్థి, ఆసుపత్రికి వెళ్లే రోగి, కోర్టు వాయిదాకు వెళ్లే రైతు, పత్తికొండ సంతకు టమోటా గంపతో బయలుదేరిన స్త్రీ ఒకే వాహనంలో కూర్చున్నారు.

ఊరిలో ఎవరి ముందు ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో కులాన్ని బట్టి నిర్ణయమై ఉన్న సమాజం ఇది. అటువంటి సమాజంలో ముక్కూమొహం తెలియని ఇద్దరు ఒకే సీటులో భుజాలు తాకేలా కూర్చోవడం ఎలా సాధ్యమైంది? అందుకు ఏ మర్యాదలు ఏర్పడ్డాయి? ఈ ప్రశ్నలే ఈ వ్యాసానికి ఆధారం.

2. బస్సుకు ముందు, బస్సు వచ్చాక

మోటారు వాహనం రాకముందు ప్రయాణం బండి గలవాని దయ. డబ్బు ఇచ్చినంత మాత్రాన చోటు దొరికేది కాదు. డా. బి.ఆర్. అంబేద్కర్ తమ స్మృతుల్లో రాసుకొన్న 1901 నాటి ప్రయాణం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. తండ్రిని చూడడానికి సతారా నుండి గోరేగావ్‌కు బయలుదేరిన పిల్లలకు రైలు దిగాక బండి దొరకలేదు. చివరకు ఒక బండివాడు రెట్టింపు బాడుగకు ఒప్పుకొన్నాడు. అయితే పిల్లలే బండి తోలుకోవాలని, తాను పక్కన నడిచి వస్తానని షరతు పెట్టాడు. రైలులో పని చేసిన టిక్కెట్టు రైలు దిగిన మరుక్షణం విలువ కోల్పోయింది.

బస్సు వచ్చిన తొలినాళ్లలో కూడా ఈ సమస్య సమసిపోలేదు. కర్నూలు, కడప జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. ఆ ప్రెసిడెన్సీలో బస్సులు ప్రైవేటు యజమానులవి. దళితులను బస్సు ఎక్కనివ్వని ఆచారం ఆ ప్రెసిడెన్సీలో ఉండేదనడానికి రామనాథపురం జిల్లా నిదర్శనం. 1920వ దశకం చివరలో ఆ జిల్లా బోర్డు అధ్యక్షుడు డబ్ల్యు.పి.ఎ. సౌందరపాండియన్, దళితులను ఎక్కించుకోని బస్సుల లైసెన్సు రద్దు చేస్తామని ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. ఉత్తర్వు అవసరమైందంటేనే ఆచారం ఎంత బలంగా ఉండేదో తెలుస్తుంది.

తుంగభద్రకు ఆవలి ఒడ్డున మరొక వ్యవస్థ ఉండేది. నిజాం రాజ్య రైల్వేలో భాగంగా 1932లో రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. అంటే నదికి ఒకవైపు ప్రభుత్వ బస్సు, మరొకవైపు ప్రైవేటు బస్సు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయిన కర్నూలు ఈ రెండు వ్యవస్థల సరిహద్దుపై నిలిచింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, 1958 జనవరి 11న రోడ్డు రవాణా సంస్థ అవతరించాక ఈ సరిహద్దు చెరగడం మొదలైంది.

ఈలోగా 1955 జూన్ 1న అస్పృశ్యతా నేరాల చట్టం అమలులోకి వచ్చింది. ప్రజా వాహనాలను వాడుకోనివ్వకుండా అస్పృశ్యత పేరుతో అడ్డుకోవడాన్ని ఆ చట్టం నేరంగా ప్రకటించింది. అదే సంవత్సరం డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో రోజా పార్క్స్ తన సీటు వదులుకోవడానికి నిరాకరించారు. 381 రోజుల బస్సు బహిష్కరణోద్యమానికి అది నాంది అయింది. రెండింటి మధ్య ఉన్న తేడా గమనించదగింది. అక్కడ చట్టమే విభజనను కాపాడింది, ప్రజలు దానిని ధిక్కరించారు. ఇక్కడ చట్టం సీటును ఇచ్చింది, ఆచారం దానిని అడ్డగించింది. చట్టం ఇచ్చిన సీటులో నిజంగా కూర్చోగలగడానికి చట్టంతో పాటు కొత్త అలవాట్లు కూడా కావలసి వచ్చాయి.

3. కర్నూలు బస్సు వ్యాజ్యం

ఆంధ్ర ప్రాంతంలో బస్సు మార్గాల జాతీయీకరణ కృష్ణా జిల్లాతో మొదలైంది. దానిని బస్సు యజమానులు సవాలు చేశారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1958లో ఇచ్చిన తీర్పు న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ తెలిసినదే. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయించినది ముఖ్యమంత్రి. వినే వ్యక్తి ఒకరు, తీర్పు చెప్పే వ్యక్తి మరొకరు కావడం సహజన్యాయానికి విరుద్ధమని కోర్టు భావించింది.

కర్నూలు జిల్లా మార్గాల జాతీయీకరణ ఇంకా పెద్ద సంచలనం సృష్టించింది. ఇది రాజకీయ ప్రత్యర్థులైన బస్సు యజమానులను దెబ్బతీయడానికి ముఖ్యమంత్రి చేయించిన పని అని వాదులు ఆరోపించారు. ఆ ఆరోపణలను ఖండిస్తూ ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. సి.ఎస్. రౌజీ వ్యాజ్యంగా పేరొందిన ఈ కేసులో సుప్రీంకోర్టు 1964 జనవరిలో ఆ పథకాలను కొట్టివేసింది. తీర్పులోని వ్యాఖ్యల దరిమిలా ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. బస్సు మార్గాల విషయంలో ఒక ముఖ్యమంత్రి పదవిని వదులుకోవడం తెలుగువారి రాజకీయ చరిత్రలో అరుదైన ఘట్టం.

ఈ వ్యాజ్యాన్ని రాజకీయ చరిత్రగానే చదివితే ఒక విషయం మరుగున పడుతుంది. ఇందులో బస్సు యజమాని, సంస్థ, ప్రభుత్వం కక్షిదారులు. ప్రయాణికుడు కాడు. కానీ బస్సు ఎవరిదన్న ప్రశ్నకు ప్రయాణికుని అనుభవంతో గాఢమైన సంబంధం ఉంది. ప్రైవేటు బస్సుల కాలాన్ని మా ప్రాంతపు వృద్ధులు రెండు విధాలుగా తలచుకొంటారు. ఆ బస్సు చేయెత్తిన చోటల్లా ఆగేది, ఆలస్యమైన ఎరిగినవారి కోసం నిలిచేది. అదే బస్సులో ముందు సీటు ఊరి పెద్దకు ఖాళీగా ఉండేది, ఆయన ఎక్కితే కూర్చున్నవారు లేచేవారు. ఆత్మీయతకూ అసమానతకూ మూలం ఒకటే: అందరూ ఎరిగినవారు కావడం. క్రమంగా విస్తరించిన సంస్థ బస్సులో కండక్టరు స్థానిక యజమానికి జవాబుదారీ కాడు. అతని చేతిలో అచ్చువేసిన టిక్కెట్ల కట్ట ఉంది. ఎక్కినవారెవరో అతనికి తెలియనవసరం లేదు. ఈ తెలియకపోవడమే సమానతకు అవకాశమిచ్చింది.

4. సంబోధనలో మర్యాద

ఎరుగనివారిని ఏమని పిలవాలి? రాయలసీమ పల్లెల్లో ‘రెడ్డీ’, ‘శెట్టీ’ అని కులం పేరుతో పిలవడం ఒక పద్ధతి. ‘ఏరా’, ‘ఒరే’ అని కింది కులాలవారిని వయసుతో నిమిత్తం లేకుండా పిలవడం దానికి మరొక ముఖం. బస్సులో కులం తెలియదు కనుక ఈ రెండూ పనికిరావు. ఆ ఖాళీని బంధువాచకాలు పూరించాయి. ‘అన్నా, కొంచెం జరుగు’, ‘అక్కా, ఆ సంచి ఇట్లియ్యి’, ‘పెద్దాయనా, మెట్టు జూసి దిగు’ వంటి మాటలు కర్నూలు, కడప బస్సుల్లో నిత్యం వినబడతాయి.

ఇక్కడ రెండు భాషా విశేషాలు గమనించాలి. ఒకటి: ఊరిలో వరసలు కలుపుకొనేటప్పుడు మామ, బావ, వదిన వంటి వియ్యపు వరసలు కూడా వాడతారు. అపరిచితులతో నిండిన బస్సులో ఎక్కువగా వినబడేవి అన్న, అక్క, అమ్మ, తాత, అవ్వ వంటి పదాలే. పెళ్లి సంబంధాన్ని, తద్వారా కులాన్ని సూచించని వరసలు ఇవి. రెండు: ఈ వాక్యాల్లో క్రియ ఏకవచనంలో ఉంటుంది. ‘జరగండి’, ‘ఇవ్వండి’ అనే బహువచన రూపాలకు అలవాటుపడిన కోస్తా ప్రాంతీయులకు ఇది మోటుగా తోస్తుంది. కానీ రాయలసీమ మాండలికంలో గౌరవం క్రియాప్రత్యయంలో గాక సంబోధనలో ఉంటుంది. ‘అన్నా’ అన్న తర్వాత ‘రా’ అనడం చనువే తప్ప అమర్యాద కాదు.

బస్సు గోడలపై రాసిన మర్యాద దీనికి భిన్నమైనది. ‘పొగ త్రాగరాదు’ వంటి వాక్యాలు ఎవరినీ సంబోధించవు. అవి నిషేధాన్ని తెలుపుతాయి. ఆ నిషేధాన్ని అమలు చేసే కండక్టరు మాత్రం ‘అన్నా, బీడీ ఆర్పెయ్’ అంటాడు. నియమం సంస్థది, సంబోధన సమాజానిది. ఈ రెండూ కలిసిన చోటే బస్సు మర్యాద రూపుదిద్దుకొంది.

కొన్నేళ్ల క్రితం కడప వెళ్లే బస్సులో ఈ వ్యాసకర్త చూసిన ఒక సన్నివేశం ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. మైదుకూరులో ఎక్కిన ఒక వృద్ధురాలు ఖాళీ సీటు ఉన్నా దాని పక్కన కింద కూర్చుంది. సీటులో ఒకవైపు తెల్లబట్టల పెద్దమనిషి ఉన్నాడు. కండక్టరు ‘యాలవ్వా కింద కూసుంటివి? పైన సీటుంది గదా’ అన్నాడు. ‘ఉండనీలే నాయనా, నేనీడే కూసుంటా’ అని ఆమె జవాబు. ‘టిక్కెట్టు తీసుకుంటివి గదవ్వా, సీటు నీదే’ అన్నాడు కండక్టరు. పెద్దమనిషి కిటికీ వైపు జరిగాడు. ఆమె అంచున కూర్చుంది, ఖాజీపేట దాటాక గానీ వెనక్కు ఆనుకోలేదు. చట్టం 1955లో ఇచ్చిన సీటులో ఆమె పూర్తిగా కూర్చోవడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది. ‘అవ్వా’ అన్న పిలుపు, ‘టిక్కెట్టు’ అన్న ఆధారం రెండూ ఉంటేనే అది సాధ్యమైంది.

5. చేతులు మారే చిల్లర, చేతులు మారే నీళ్లు

కిక్కిరిసిన బస్సులో వెనుకనున్న వ్యక్తి నోటును ముందువారికి అందిస్తాడు. అది నాలుగైదు చేతులు మారి కండక్టరుకు చేరుతుంది. టిక్కెట్టు, మిగిలిన చిల్లర అదే దారిలో తిరిగి వస్తాయి. చిల్లర లేకపోతే కండక్టరు టిక్కెట్టు వెనుక బాకీ రాసిస్తాడు. ఎవరూ ఎవరి పేరూ అడగరు. తాకిన వస్తువును నీళ్లు చల్లి తీసుకొన్న తరాలు గడిచిన సమాజంలో ఈ చిన్న చర్యకు పెద్ద అర్థముంది. అలాగే నిలబడిన తల్లి చేతిలోని బిడ్డను కూర్చున్న అపరిచితురాలు ఒడిలోకి తీసుకొంటుంది. దిగవలసిన ఊరు వచ్చేదాకా బిడ్డ అక్కడే నిద్రపోతుంది.

నీటి విషయం ఇంకా సున్నితమైనది. కరవు సీమలో కులభేదం అత్యంత కఠినంగా పనిచేసిన చోటు బావిగట్టు. వేసవిలో బస్సులో మాత్రం ‘అన్నా, రోన్ని నీళ్లుంటే ఇయ్యి’ అని అడగడం, అడిగినవారికి సీసా అందించడం మామూలు. సీసాను పెదవులకు తగలకుండా ఎత్తి తాగడం ఇక్కడి పద్ధతి. అది శుభ్రతా? పాత అంటు భావన మిగిల్చిన అలవాటా? రెండూ కావచ్చు. బస్సు పాత ఆచారాన్ని పూర్తిగా తుడిచివేయలేదు. అందరికీ ఒకే విధంగా వర్తించేటట్లు చేసి, దానిలోని అవమానాన్ని తగ్గించింది.

6. తువ్వాలు, స్త్రీల సీటు

బస్సు మర్యాదలన్నీ సమానతవైపే నడిపించవు. కర్నూలు బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడం అందరూ చూసినదే. తువ్వాలు ఉన్న సీటులో కూర్చోరాదన్నది రాయని నియమం. బస్సు వెంట పరుగెత్తగలిగే యువకుడికి ఇది అనుకూలం. వృద్ధులకు, గర్భిణులకు, వికలాంగులకు, బిడ్డను ఎత్తుకొన్న స్త్రీకి ఇది అన్యాయం. ఊరి పెద్దరికం పోయిన చోట దేహబలం పెత్తనం చేస్తున్నది. స్త్రీలకు సీట్లు కేటాయించవలసి రావడానికి ఇదొక కారణం.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన స్త్రీ శక్తి పథకం ఈ చర్చను మలుపు తిప్పింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలైన ఐదు రకాల బస్సుల్లో స్త్రీలకు చార్జీ లేదు. ఆ తర్వాత ‘డబ్బు పెట్టినోళ్లం మేం నిలబడాల్నా?’ అనే మాట బస్సుల్లో వినబడుతున్నది. సీటుకు ఆధారం డబ్బే అయితే ఈ ప్రశ్న సబబే. కానీ పైన చూసిన చరిత్ర మరొకటి చెబుతున్నది. అంబేద్కర్ రెట్టింపు డబ్బు ఇచ్చి కూడా బండివాని నుండి సాటి మనిషికి దక్కే మర్యాద పొందలేకపోయారు. సీటుకు ఆధారం డబ్బు కాదు, ప్రయాణికునిగా గుర్తింపు. పథకం కింద స్త్రీకి కూడా సున్నా రూపాయల టిక్కెట్టు ఇస్తారు. అది ఆ గుర్తింపే. ఆ కాగితం చేతిలో ఉన్న స్త్రీ ఎవరి దయ మీదా ప్రయాణం చేయడం లేదు.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. కర్నూలు, కడప ప్రాంతాల బస్సు మర్యాదలు ప్రయాణం దయ నుండి హక్కుగా మారిన క్రమంలో రూపొందాయి.

2. 1964 నాటి కర్నూలు బస్సు వ్యాజ్యాన్ని రాజకీయ ఘట్టంగానే గాక, ప్రయాణికుని అనుభవాన్ని మార్చిన జాతీయీకరణలో భాగంగా కూడా అధ్యయనం చేయవలసి ఉంది.

3. కులం తెలియని చోట గౌరవాన్ని నిలపడానికి రాయలసీమ తెలుగు బంధువాచకాలను ఉపయోగించుకొంది. ఇక్కడి ఏకవచన క్రియను అమర్యాదగా భావించడం ప్రాంతీయ దురభిప్రాయం.

4. తువ్వాలు వేసే పద్ధతి, ఉచిత ప్రయాణంపై విసుర్లు ఈ హక్కు ఇంకా స్థిరపడలేదని సూచిస్తున్నాయి.

మాండలిక అధ్యయనాలకు బడి, బజారు, పొలంతో పాటు బస్సు కూడా విలువైన క్షేత్రం. మన విద్యార్థులు రోజూ రెండు గంటలు గడిపే ఆ వాహనంలో తెలుగు మర్యాద ఇప్పటికీ తయారవుతూనే ఉంది. మైదుకూరు అవ్వ ఇక ముందు ఎవరూ చెప్పకుండానే సీటులో కూర్చుంటే ఆ చరిత్ర ఒక మెట్టు ముందుకు జరిగినట్లు.