మీనంబాకంలో రెండు పెట్టెలు

ఉగాదినాడు పంచాంగశ్రవణము మన ఆచారము. రాబోవు ఉపద్రవమును ముందుగా చెప్పుట సిద్ధాంతిగారి వంతు. నమ్ముటయో మానుటయో వినువారి ఇష్టము. 1984 ఆగస్టు 2వ తేదీ రాత్రి మన మీనంబాకం విమానాశ్రయమునకు అటువంటి మాట టెలిఫోను మీద వచ్చినది. విన్నవారు నమ్మలేదు.

మీనంబాకం మనకు పరాయి చోటు కాదు. 1932 అక్టోబరులో టాటాలవారి తొలి తపాలా విమానము కరాచీలో బయలుదేరి, బొంబాయి, బళ్ళారి మీదుగా చెన్నపట్నము చేరినది మొదలు విమానయాన చరిత్రలో ఈ ఊరికొక స్థానము ఏర్పడినది. నెల్లూరు, చిత్తూరు జిల్లాలవారికి సముద్రము దాటవలెనన్న చాలకాలము ఇదియే గుమ్మము. కావుననే ఆ రాత్రి సంగతి మనము తెలిసికొనదగినది.

కొలంబో పోవు ఎయిర్ లంకా విమానమునకు ఒక ప్రయాణికుడు రెండు పెట్టెలు అప్పగించి, తాను మాత్రము ఎక్కలేదు. మనిషి లేనందున పెట్టెలు ఇక్కడనే నిలిచిపోయినవి. వానిలో ఉన్నవి పేలుడు పదార్థములు. తమిళ ఈళం ఆర్మీ అను శ్రీలంక తమిళ సాయుధ వర్గము ఈ పన్నాగము పన్నినదనియు, కొలంబో విమానాశ్రయములో నష్టము కలిగించుట వారి ఉద్దేశమనియు తరువాత తెలిసినది. ఎత్తు తప్పి పెట్టెలు మదరాసులో ఉండిపోగా, పేరు చెప్పని గొంతులు ఫోను చేసి, వానిని వెంటనే తొలగింపుడని హెచ్చరించినవి. దొంగ బంగారము తెచ్చువారు పెట్టెలు బయటికి రప్పించుకొనుటకు వేసిన ఎత్తుగడగా అధికారులు దానిని అనుమానించిరని నాటి సంగతులు వ్రాసినవారు చెప్పుదురు. అట్లు సందేహములో కాలము గడచినది. రాత్రి పదకొండు కావచ్చినవేళ పెట్టెలు పేలినవి. భవనములో ఒక భాగము కూలినది. సుమారు ముప్పదిమంది మరణించిరి; వారిలో పెక్కుమంది ఆ పూట ఇక్కడ విమానము మారుటకు వేచియున్న శ్రీలంక ప్రయాణికులే.

ఆ అధికారులను నేడు నిందించుట తేలిక. మేము ఆ పని చేయము. దొంగ సరకును పట్టుటయే నిత్యకృత్యమైన వానికి ప్రతి పెట్టెలోను బంగారమే కనబడును. ముఖము లేని గొంతును నమ్మి ఒక విమానాశ్రయమును ఖాళీ చేయించుట సామాన్యమా? నమ్మవలెనా, వద్దా అని తేల్చవలసినది కస్టమ్సువారా, పోలీసులా, విమాన సంస్థవారా? లోపము అక్కడ ఉన్నదని మా అభిప్రాయము. ఇంటికి పదిమంది పెద్దలున్నను పొయ్యిమీది పాలు పొంగుట ఇట్లే.

మరుసటి ఏడు, 1985 జూన్ 23న, ఎయిర్ ఇండియా వారి కనిష్క విమానము ఐర్లండు తీరమువద్ద ఆకాశముననే పేలి 329 మంది సముద్రము పాలైరి. అక్కడను అదే కథ: పెట్టె ఎక్కినది, పెట్టె యజమాని ఎక్కలేదు. 1976లో జరిగిన విమాన అపహరణ తరువాత పాండే కమిటీ సలహాపై 1978లో పౌర విమానయానశాఖలో చిన్న విభాగముగా పుట్టిన భద్రతా బ్యూరో, 1987 ఏప్రిల్ 1న ప్రత్యేక శాఖయైనది. యజమాని లేని పెట్టె విమానములో పోరాదను నియమము గట్టిపడినది. 1999 డిసెంబరులో ఖాట్మండూనుండి వచ్చు విమానమును కాందహారుకు తరలించుకొనిపోయిన పిదప, 2000 నుండి విమానాశ్రయముల కాపలా క్రమముగా కేంద్ర పారిశ్రామిక భద్రతాదళము చేతికి వచ్చినది.

ఇప్పుడు బెదిరింపు వచ్చినచో ఒక్కని ఊహకు వదలరు. విమానాశ్రయము, భద్రతాదళము, విమాన సంస్థ మొదలగువారి ప్రతినిధులు సంఘముగా కూర్చొని, మాటలో విమానము పేరు, వేళ, చోటు ఉన్నవా అని చూచి, అది నిర్దిష్టమా కాదా అని తేల్చుదురు. నిర్దిష్టమైనచో విమానమును దూరముగా ఏకాంతస్థలమునకు చేర్చి వెదకుదురు. 2024 అక్టోబరులో దేశమంతట వందలకొలది బూటకపు బెదిరింపులు వచ్చినప్పుడు ఈ సంఘములకు నిద్రలేదు. ఉపద్రవములన్నియు మనుష్యులు తెచ్చునవే కావు. 2015 డిసెంబరులో అడయారు పొంగి మీనంబాకం కొన్నాళ్ళు మూతపడగా, అరక్కోణములోని నావికాదళ స్థావరమునుండి ప్రయాణికులను పంపిరి.

అమెరికా పోవు పిల్లలను సాగనంపుటకు మన సభ్యులు తరచుగా అక్కడికి పోవుచుందురు. చేతిసంచిలోని ఆవకాయ సీసాను ఆపిరని కోపము, విమానము ఆలస్యమని విసుగు. అట్టి ఆలస్యములలో కొన్నింటికి కారణము ఇది: ఎవరో ఒకరు పెట్టె ఇచ్చి గేటువద్దకు రాలేదు. లోపల అతని పేరు పదేపదే పిలుచుచుందురు. క్రింద కూలీలు విమానము పొట్టలోనుండి సామాను ఒక్కొక్కటిగా దించి, చీటీలు చూచుచు, అతని పెట్టెను వెదకుచుందురు.